రామమూర్తినగర్‌లో మా ఇంటి స్మార్ట్ మీటరు, పది నెలల తర్వాత

ముందే చెప్పేస్తున్నా, రీడింగు తనంతట తానే పంపే ఈ కరెంటు మీటరుకి ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి అచ్చంగా దాని ధరకి, మిగతా అర దాని డిస్‌ప్లేకి. "ఎక్కువ తిరుగుతుంది" అని అందరూ దాని మీద వేసే నిందకి మాత్రం నేనేమీ తగ్గించలేదు. ఆ నింద మేమూ వేశాం, ఒక నెలంతా వేశాం, మామయ్యగారైతే ఫిర్యాదు కాగితం కూడా రాసి పెట్టారు. తర్వాత ఏం తేలిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది బెంగళూరు రామమూర్తినగర్. కింద అత్తయ్యగారు, మామయ్యగారు ఉంటారు, పైన కొత్తగా వేసిన పోర్షన్‌లో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. 2025 మార్చి మొదట్లో గృహప్రవేశం చేశాం. మా టైము ఎలాంటిదంటే, సరిగ్గా దానికి ముందు నెలలోనే బెస్కాం, అంటే ఇక్కడి కరెంటు పంపిణీ సంస్థ, పరిధిలో కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్ళకి స్మార్ట్ మీటరు తప్పనిసరి అయింది. అంతకు ముందు వెయ్యి లోపు వచ్చే సింగిల్ ఫేజ్ మీటరు మా చేతికి వచ్చేసరికి 4,998 రూపాయలు. టైల్సు, రంగులు, కిటికీ గ్రిల్లులు అన్నిటికీ చేతులు కాల్చుకుని కూర్చున్నవాళ్ళకి ఆ ఐదు వేలు గోరుచుట్టు మీద రోకలి పోటే, కాకపోతే పాలు పొంగించే రోజుకి ఇంట్లో కరెంటు లేకపోతే ఎలా అని నోరు మూసుకుని కట్టేశాం.

ఈ ధర విషయంలో మాత్రం నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. చాలా రాష్ట్రాల్లో స్మార్ట్ మీటర్లు 2021లో కేంద్రం మొదలుపెట్టిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద పెడుతున్నారు. అందులో మీటరు ధరలో 15 శాతం, గరిష్ఠంగా 900 రూపాయల దాకా కేంద్రం ఇస్తుంది. కర్ణాటక ఆ పథకంలో చేరలేదు కాబట్టి ఇక్కడ కొత్తగా కనెక్షన్ తీసుకునేవాడే మొత్తం ధర భరించాలి. ఎవరి లెక్కలు వాళ్ళకి ఉంటాయి, అవి నాకు అక్కర్లేదు గానీ, సెల్‌ఫోన్ కొన్నంత డబ్బు పెట్టి మీటరు కొన్నప్పుడు దాని అంకెలు నడివయసు కళ్ళకైనా కనబడేలా ఉండాలి కదా. మెట్ల కింద పెట్టెలో, బూడిద రంగు తెర మీద నల్ల అంకెలు, ఒక్కోటీ కొన్ని సెకన్లు నిలిచి మారిపోతాయి, ఏది యూనిట్లో ఏది వోల్టేజో తెలుసుకునేలోపు మళ్ళీ మొదటికి వెళ్ళిపోతుంది. మా ఆయన ఫోన్‌తో వీడియో తీసి, ఆపి ఆపి చూసి నేర్చుకున్నారు. అర మార్కు పోయింది అక్కడే.

ఇక భయాల సంగతి. మీటరు ఇంకా గోడకి ఎక్కకముందే మా చుట్టాల గ్రూపులో మొదలైంది. ఆంధ్రలో స్మార్ట్ మీటర్ల మీద ఎంత గొడవ నడిచిందో తెలిసిందే కదా, అక్కడి ఫార్వార్డులన్నీ తిరిగి తిరిగి బెంగళూరు వచ్చాయి. బిల్లు రెండింతలు అవుతుందని ఒకరు, రేడియేషన్ వస్తుంది పిల్లల్ని ఆ వైపు పోనివ్వకని ఇంకొకరు, రీచార్జ్ అయిపోతే అర్ధరాత్రి ఫ్యాను ఆగిపోతుందని మా పెద్దాడపడుచు. మామయ్యగారు దూరవాణినగర్‌లో టెలిఫోన్లు తయారుచేసిన ఐటీఐ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, ఆయన భయం వేరు. "టెలిఫోన్ బిల్లుల కాలం నుంచి చూస్తున్నానమ్మా, మీటరు మన కంటి ముందు లేకపోతే మన మాట చెల్లదు. ఇది కంటి ముందే ఉంటుంది, లెక్క మాత్రం ఎక్కడో కూర్చున్నవాడికి వెళ్తుంది" అన్నారు. అని ఊరుకోలేదు, మనవరాలి పాత రూళ్ళ నోట్సు ఒకటి తీసి, పెన్సిల్ కట్టి, మీటరు పెట్టె పక్కన మేకుకి తగిలించారు. రోజూ పొద్దున వాకింగ్ నుంచి రాగానే రీడింగు రాయడం ఆయన డ్యూటీ. అప్పుడు నవ్వుకున్నాం గానీ ఆ నోట్సే మమ్మల్ని కాపాడింది.

మార్చి నెల బిల్లు మామూలుగానే వచ్చింది. ఉగాది తర్వాత ఎండలు ముదిరి కరెంటు పోవడం మొదలైతే, కింద ఉన్న ఇన్వర్టర్ నుంచే పైకి ఒక లైను లాగించుకున్నాం, రెండు ఫ్యాన్లు, హాల్లో లైటు, వైఫై డబ్బా, అంతే. వైరింగు చేసినతనే వచ్చి రెండు గంటల్లో పని ముగించాడు. వెళ్ళేముందు డీబీలో, అంటే స్విచ్చుల పెట్టెలో, ఉన్న ఆర్‌సీసీబీ అనే సేఫ్టీ స్విచ్ మాటిమాటికీ పడిపోతోంది మేడమ్, దీంతో మీకు తలనొప్పి, డైరెక్ట్ చేసేస్తున్నా అన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను, సరే అన్నాను. ఆ సరే అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్ చివర్లో మదనపల్లెలో మా తమ్ముడి పెళ్ళి. పిల్లలకి సెలవులు కూడా కాబట్టి పది రోజులు ఉండిపోయాం. వెళ్ళేముందు ఫ్రిజ్ ఖాళీ చేసి, డీబీలో ఒక్కో లైనుకి ఉండే చిన్న ఎంసీబీ స్విచ్చులన్నీ కిందికి దించేసి, తాళం వేసి వెళ్ళాం. తిరిగొచ్చి గేటు తీయగానే మామయ్యగారు నోట్సు పట్టుకుని ఎదురొచ్చారు. "చూశావా అమ్మా, తాళం వేసిన ఇంట్లో దయ్యాలు టీవీ చూశాయి. పది రోజులకి 37 యూనిట్లు."

నాకు నిజంగానే చెమటలు పట్టాయి. అప్పుడే ఆ నెల బిల్లు కూడా వచ్చింది, 204 యూనిట్లు. కర్ణాటకలో ఉండేవాళ్ళకి ఈ 204లో ఉన్న మంట వెంటనే అర్థమవుతుంది. గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం కింద పాత వినియోగం లెక్క లేని కొత్త ఇళ్ళకి నెలకి 58 యూనిట్లు ఉచితం, రాష్ట్ర సగటు 53కి ఇంకో 10 శాతం కలిపి ఆ అంకె పెట్టారు. 58 దాటితే దాటినవాటికి కట్టుకోవాలి. 200 దాటితే మాత్రం ఉచితం గిచితం ఏమీ లేదు, మొదటి యూనిట్ నుంచీ మొత్తం కట్టాలి. అంటే ఆ పైన వచ్చిన నాలుగే నాలుగు యూనిట్లు మా 58నీ మింగేశాయి. 2025 ఏప్రిల్ నుంచి అప్పటి రేటు యూనిట్ 5 రూపాయల 80 పైసలు, శాంక్షన్డ్ లోడు, అంటే ఇంటికి మంజూరైన లోడు, కిలోవాట్‌కి 145 చొప్పున ఫిక్స్‌డ్ చార్జీ, మాది 3 కిలోవాట్లు, దాని మీద పన్నులూ గట్రా, అన్నీ కలిపి పద్దెనిమిది వందల చిల్లర. కింద ఏడాది ముందు కొన్న కూలర్ కూడా ఉన్న అత్తయ్యగారి వాళ్ళ బిల్లుకి దగ్గరగా వచ్చేసింది.

వైరింగు అతనికి ఫోన్ చేస్తే ఒక్క క్షణం ఆలోచించకుండా "స్మార్ట్ మీటర్ అంటే అంతే మేడమ్, అందరికీ ఎక్కువే వస్తోంది" అన్నాడు. పక్కింటి ఆంటీ అదే అన్నారు. చుట్టాల గ్రూపు అయితే పండగ చేసుకుంది. మామయ్యగారు ఆ రాత్రే కూర్చుని దరఖాస్తు రాశారు, దానికి ఆధారం కూడా ఉంది. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం, రీడింగు మన వాడకంతో సరిపోలడం లేదని ఫిర్యాదు చేస్తే, ఐదు రోజుల్లోగా పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు రెండిటినీ పోల్చి చూడాలి. ఇది చాలామందికి తెలియదు, ఇంట్లో గొడవపడే బదులు ఆ కాగితం పెట్టుకోవడం మేలు, స్మార్ట్ మీటరైనా పాతదైనా. మేము కూడా పొద్దున్నే ఇచ్చేద్దామనుకున్నాం.

పొద్దున మామయ్యగారి పాత స్నేహితుడు, ఐటీఐలో ఆయనతో పాటే చేసినాయన, కాఫీకి వచ్చారు. కన్నడాయన, కానీ కోలారు వైపు వాళ్ళు కదా, తెలుగు మనకంటే బాగా మాట్లాడతారు. కథంతా విని దరఖాస్తు చదవలేదు, ఇంటికి వెళ్ళి స్కూటర్ డిక్కీలో క్లాంప్ మీటరు, అంటే తీగ చుట్టూ వేసి కరెంటు కొలిచే సాధనం, పెట్టుకుని వచ్చారు. పైకి పోయి డీబీలో ఎంసీబీలన్నీ దించమన్నారు నన్ను. దించాను. కిందికి వచ్చి అందరం మెట్ల కింద వంగి చూశాం. మీటరు మీద ఎర్రగా చిన్న చుక్కలాంటి లైటు ఉంటుంది, కరెంటు ఖర్చయ్యే కొద్దీ మిణుకుమంటుంది, మా దాని మీద యూనిట్‌కి 3200 సార్లు అని రాసి ఉంది. ఇల్లంతా ఆపేసి ఉన్నా అది నాలుగు సెకన్లకోసారి తాపీగా మిణుకుతోంది. పిల్లలు గట్టిగా లెక్కపెడుతున్నారు. మామయ్యగారు గెలిచినట్టు చూశారు, ఇంకేముంది దొంగ దొరికాడు అన్నట్టు.

ఆ స్నేహితుడు ఏమీ అనకుండా క్లాంప్‌ని మా ఫేజ్ వైరు, అంటే కరెంటుని ఇంట్లోకి తెచ్చే తీగ, చుట్టూ వేశారు. సున్నా. అదే క్లాంప్‌ని నల్ల వైరు చుట్టూ, అంటే కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ చుట్టూ వేశారు. 1.2 ఆంపియర్లు. "ఇప్పుడు కింద ఫ్రిజ్, కూలర్, టీవీ ఆపండి" అన్నారు. ఆపగానే 1.2 కాస్తా పావుకి పడిపోయింది, మా మీటరు లైటు దాదాపు నిద్రపోయింది. మళ్ళీ కూలర్ వేస్తే మళ్ళీ మిణుకు. అత్తయ్యగారు కింద కూలర్ స్విచ్ వేస్తుంటే మా మీటరు తిరగడం నా కళ్ళతో నేను చూశాను.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. కరెంటు ఒక తీగలో ఇంట్లోకి వచ్చి ఇంకో తీగలో తిరిగి వెళ్తుంది, వైరింగు సరిగ్గా ఉంటే వచ్చిందీ పోయిందీ సమానం. ఇన్వర్టర్ లైను లాగినప్పుడు ఆ అబ్బాయి కింది న్యూట్రల్‌నీ పై న్యూట్రల్‌నీ ఒకే చోట కలిపేశాడు. దాంతో కింద వాడిన కరెంటు తిరిగి వెళ్ళేటప్పుడు రెండు దారులు దొరికాయి, సగం వాళ్ళ మీటరు గుండా, సగం మా మీటరు గుండా. ఇప్పటి మీటర్లు ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండిటినీ కొలుస్తాయి, తేడా వస్తే ఏది ఎక్కువో దాన్ని పట్టుకుని లెక్క వేస్తాయి. న్యూట్రల్‌ని ఎర్త్‌కి మళ్ళించి కరెంటు కాజేసేవాళ్ళని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. కింది మీటరు తన ఫేజ్ చూసి పూర్తిగా లెక్క వేసింది, మా మీటరు తన న్యూట్రల్ చూసి ఇంకోసారి లెక్క వేసింది. ఒకే కూలర్‌కి ఇద్దరం కట్టాం.

అసలు దీనికి స్మార్ట్ మీటరే అక్కర్లేదట, కింద ఉన్న మామూలు డిజిటల్ మీటరు మా స్థానంలో ఉన్నా అదే చేసేదట. ఇంకో సంగతి. ఆ రోజు మాటిమాటికీ పడిపోతోందని తీసేసిన ఆర్‌సీసీబీ ఉంది చూశారా, అది పాడైపోయి పడిపోలేదు, వచ్చే కరెంటుకీ పోయే కరెంటుకీ తేడా ఉందని అరిచి చెప్పింది. దాని పనే అది. తడిచేత్తో గీజరు ముట్టుకుంటే ప్రాణం కాపాడేది అదే. కుక్క మొరుగుతోందని కుక్కని బయట కట్టేసినట్టు మేము దాన్ని తీయించేశాం. మెయిన్ ఐసొలేటరు దించినా మాకు పది రోజుల 37 యూనిట్లు పడేవి కావు, అది రెండు తీగల్నీ తెంపుతుంది, మేము చిన్న ఎంసీబీలు దించి చాలనుకున్నాం. ఆ స్నేహితుడు నెమ్మదిగా, "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, మీరు మీటరు మీద కేసు పెడుతున్నారు" అన్నారు. మామయ్యగారు కాఫీ చల్లారిపోయిందని లోపలికి వెళ్ళిపోయారు.

వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. జంక్షన్ బాక్సు విప్పితే నాలుగు నల్ల వైర్లు ఒకే ముడిగా మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయి. వాటిని విడదీసి, ఇన్వర్టర్ పాయింట్లకి విడిగా న్యూట్రల్ లాగి, ఆర్‌సీసీబీ మళ్ళీ ఎక్కించాడు. మూడు గంటలు, 1,200 రూపాయలు. మొదటి అతను ఫోన్ ఎత్తడం మానేశాడు, ఎవరో చెప్పి పరువు తీయడం నాకిష్టం లేదు. ఏప్రిల్ డబ్బు వెనక్కి రాదు, మీటరు గుండా వెళ్ళిన కరెంటే కదా, అడగడానికి మాకే మొహం చెల్లలేదు. మే ఎండల్లో కూడా 180 దాటలేదు, వానలు పడ్డాక 150 లోపే.

కాబట్టి కొత్త మీటరు పెట్టాక బిల్లు పెరిగిందనేవాళ్ళకి నా మాట. రెండు పోర్షన్లు, రెండు మీటర్లు, ఒకే ఇన్వర్టర్ ఉంటే ముందు మీ న్యూట్రల్ చూపించుకోండి. ఇంట్లో అన్నీ ఆపేసి ఐదు నిమిషాలు ఆ ఎర్ర చుక్కని చూడండి, ఖర్చేమీ లేదు. అది కదలకుండా ఉంటే అప్పుడు మీ వాడకం చూసుకోవాలి, సెట్‌టాప్ బాక్సు ఒక్కటి 10 వాట్లు తాగుతూ రోజంతా ఆన్‌లో ఉంటేనే నెలకి ఏడు యూనిట్లు. పాత చక్రం మీటర్లు ఇంత చిన్నవాటిని అంతగా పట్టించుకునేవి కావు, ఇవి పైసా వదలవు. ఈ మీటర్లకి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం ఉంది, ఐఎస్ 16444, దాని ప్రకారం క్లాస్ 1 రకం మీటరులో, మామూలు లోడు మీద, తప్పు ఒక శాతం అటూ ఇటూ మించకూడదు. నూటికి ఒకటి అంటే మా ఇంట్లో నెలకి ఒకటిన్నర యూనిట్, రెండింతలు ఎక్కడ, ఒకటిన్నర ఎక్కడ.

మిగతా భయాలకి నా దగ్గర పెద్ద కథలు లేవు. రేడియేషన్ మాట కొస్తే, రీడింగు పంపేందుకు లోపల సెల్‌ఫోన్ తరహా చిన్న పరికరం ఉంటుంది, అది మధ్య మధ్యలో కాసేపు మాట్లాడి ఊరుకుంటుంది, అదీ మెట్ల కింద గోడ అవతల. దిండు కింద ఫోన్ పెట్టుకుని పడుకునే మా ఇంట్లో దాని గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. అర్ధరాత్రి రీచార్జ్ టెన్షన్ మాకు లేదు, మాది నెల బిల్లు పద్ధతిలోనే ఉంది. దూరం నుంచి కరెంటు తీసేసే స్విచ్ లోపల ఉందన్నది మాత్రం నిజమే, బిల్లు కట్టడం మరిచిపోయే అలవాటు ఉన్నవాళ్ళు ఇక నిచ్చెన వేసుకుని లైన్‌మన్ వచ్చేదాకా గడువు ఉందనుకోకూడదు. పగటి కరెంటుకి ఒక రేటు, సాయంత్రానికి ఒక రేటు అనే పద్ధతి కూడా ఈ మీటర్లతో వీలవుతుంది, 2023 కేంద్ర నిబంధనల్లో ఆ మాట ఉంది, మా బిల్లులో అయితే ఇప్పటిదాకా అన్నిటికీ ఒకటే రేటు.

నిజంగా చూసుకోవాల్సింది ఒకటుంది, దాని గురించి ఎవరూ ఫార్వార్డులు పంపరు. అది మ్యాగ్జిమమ్ డిమాండ్. ఒకేసారి ఎంత లోడు వేశామో ఈ మీటరు రాసి పెట్టుకుంటుంది. మాది 3 కిలోవాట్లు అని చెప్పాను కదా, పొద్దున ఏడున్నరకి గీజరు, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ కలిసి నడిస్తే 3 ఎప్పుడో దాటిపోతుంది. స్మార్ట్ మీటరు చూపించిన లోడు పట్టుకుని, అది పెట్టకముందు కాలానికి జరిమానా వేయకూడదని, ఏడాదిలో కనీసం మూడుసార్లు దాటితేనే లోడు పెంచాలని ఆ 2023 నిబంధనల్లోనే ఉంది. పెంచితే పెరిగిన ప్రతి కిలోవాట్‌కీ ఫిక్స్‌డ్ చార్జీ నెలనెలా, వాడినా వాడకపోయినా. అందుకని మా ఇంట్లో ఇప్పుడు గీజరు ఆపాకే ఇస్త్రీ. మా ఆయనకి ఇది నచ్చలేదు, ముడతల చొక్కాతో రెండుసార్లు ఆఫీసుకి వెళ్ళారు.

నిన్న సంక్రాంతికి ఆడపడుచు వాళ్ళు వచ్చారు, పిల్లలతో కలిపి పదకొండు మందిమి. భోగి నాడు రాత్రి అందరూ పడుకున్నాక మెట్ల మీద టార్చి వెలుగు కనబడితే దిగి చూశాను. మామయ్యగారు మీటరు పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, నోట్సు తొడ మీద పెట్టుకుని, ఎర్ర చుక్క మిణుకుల్ని లెక్కపెడుతున్నారు. "పెద్దది పైన గీజరు ఆన్ చేసి మరిచిపోయింది, పోయి ఆపమ్మా" అన్నారు.